సిమెంటు సంచి అట్ట

"దిగవయ్యా బాబూ. బస్తాలతో పాటు నిన్ను కూడా తూచమంటావా?"

కాటా గది కిటికీలోంచి ఆ మాట వినగానే డ్రైవరు నవ్వుకుంటూ లారీ దిగాడు. కాటా మీంచి పక్కకు జరిగి మట్టినేల మీద నిలబడ్డాడు. గదిలో కంప్యూటరు తెర మీద అంకెలు కాసేపు పైకీ కిందికీ ఊగి కుదురుకున్నాయి. కుదురుకున్నాక కూడా లోపల తూకం వేసే ఆయన బటన్ నొక్కలేదు. లారీ నంబరు ప్లేటు వంక చూశాడు. తెర మీది నంబరు చూశాడు. మళ్లీ ప్లేటు వంక చూశాడు. నొక్కబోయి ఆగి, ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకున్న నంబరుతో ఇంకోసారి సరిపోల్చుకున్నాడు. అప్పుడు నొక్కాడు. తెర మధ్యలో ఒక చిన్న డబ్బా లేచి ఏదో అడిగింది. అదేం అడుగుతోందో మాత్రం చదవకుండా కుడివైపు గడి నొక్కేశాడు. డబ్బా లేస్తే కుడివైపు నొక్కాలని ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పారు. అప్పటి నుంచి వేలు దాని పని అది చేసుకుపోతోంది.

వెనక లారీలు బారు తీరాయి. ఎవరో విసుగ్గా హారన్ కొట్టారు.

"వేదాంతికి ఇవాళ ఏమైంది?" అని ఒక గొంతు.

"ధ్యానంలో ఉన్నాడేమోలే, కదిలించకు," అని ఇంకో గొంతు.

ఆయన విననట్టు ఊరుకుని తూకం చీటీ చింపి డ్రైవరుకిచ్చాడు.

అది సిమెంటు ఫ్యాక్టరీ గేటు. లోపలికి వెళ్లే ప్రతి లారీనీ ఖాళీగా ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు లోడుతో ఒకసారి తూచాలి. ఎక్కువ బరువుతో లారీ బయటికి పోకుండా చూడటమే ఆయన పని. గది ఎంతంటే, కుర్చీలోంచి లేవకుండానే నాలుగు గోడలూ అందుతాయి. ఒక బల్ల, కంప్యూటరు, తిరిగేటప్పుడు మెడ నొప్పి పుట్టినట్టు మూలిగే ఒక ఫ్యాను. ఎంత తుడిచినా బల్ల మీద సన్నని బూడిదరంగు పొడి పేరుకుంటుంది. ఆయన కనుబొమల మీద కూడా పేరుకుంటుంది గనక ఎవరికైనా ఆయన అసలు వయసుకన్నా పెద్దవాడిగా కనిపిస్తాడు. వేదాంతి అన్న పేరు రావడానికి అదొక కారణం.

అసలు కారణం పుస్తకం.

లారీకీ లారీకీ మధ్య దొరికే ఖాళీలో ఆయన చదువుకునేవాడు. పుస్తకానికి సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసి ఉండేది. ముదురు గోధుమరంగు, దళసరి, అంత తేలిగ్గా చిరగని కాగితం. మనిషి తల వంచుకుని, పెదవులు బిగించి, ఒక్కోసారి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చదవడం డ్రైవర్లు చూసేవారు. ఏళ్లు గడిచాయి. డ్రైవర్లు మారారు, లారీలు మారాయి. అట్ట మాత్రం మారలేదు. "ఇన్నేళ్లుగా ఒక్కటే పుస్తకం చదువుతున్నాడంటే, అదెంత లోతైనదై ఉండాలి," అని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. ఇంక అక్కణ్ణుంచి చిలవలు పలవలుగా సాగింది. తగాదాలున్నవాళ్లు, మనసు బాగోలేనివాళ్లు చీటీ తీసుకునే నెపంతో కిటికీ దగ్గర నిలబడటం మొదలుపెట్టారు.

ఆ అట్ట లోపల ఉండేవి ప్రేమ నవలలు.

అన్నీ ఒకే ప్రచురణ సంస్థవి, ఒకే కొలతవి. ఒకటి పూర్తయితే దాన్ని తీసి ఇంకోటి అదే అట్టలోకి దూర్చేవాడు. ముఖచిత్రం మీద గాలికి జుట్టు ఎగురుతున్న ఒక పిల్ల, ఆమె భుజం మీదుగా ఎటో చూస్తున్న ఒక కుర్రాడు. ఆ బొమ్మ చేతిలో పెట్టుకుని, భార్య పోయాక ఆడపిల్లను ఒంటిచేత్తో పెంచిన మనిషి, గేటు దగ్గర అందరూ లేచి దారిచ్చే మనిషి, బహిరంగంగా ఎలా కూర్చుంటాడు? అందుకే అట్ట.

మొదటి నవల ఆయన కొన్నది కూడా కాదు. కూతురు టెన్త్ చదివేటప్పుడు లెక్కల పుస్తకం మధ్యలో దొరికింది. "ఇలాంటి చెత్త ఇంకోసారి ఇంట్లో కనిపిస్తే ఊరుకోను," అని లాక్కున్నాడు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. అందులో ఏముందో తెలుసుకోవడం తండ్రిగా తన బాధ్యత కదా అని మర్నాడు కాటా గదిలో తెరిచాడు. సాయంత్రానికి పూర్తి చేశాడు. ఆ తర్వాత ఇంకొకటి కావాలనిపించింది. అలా మొదలైన బాధ్యత ఇప్పటికీ తీరలేదు.

పోయిన నెల కూతురు పక్క ఊరి నుంచి చూడటానికి వచ్చింది. తండ్రి పుస్తకాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని చదవడం చూసి, తను వాడుకుంటున్న ఈ-రీడరు ఆయన చేతిలో పెట్టింది. "నేను కొత్తది కొనుక్కున్నాను నాన్నా, ఈ పాతది నువ్వుంచుకో. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. నీకు నచ్చే వేదాంతం పుస్తకాలు పైన పెట్టాను. కింద నావేవో ఉంటాయి, వాటి జోలికి పోకు." గేటు సెక్యూరిటీ అతను దానికి ఆఫీసు వైఫై కూడా కలిపిపెట్టాడు. ఇంట్లో ఆ సదుపాయం లేదు.

ఆయన దాన్ని పలక అంటాడు. మర్యాద కోసం పైనున్న వేదాంతం ఒక పేజీ చదివాడు, హాయిగా నిద్రపట్టింది. తర్వాత కిందికి జరిపి చూశాడు. కూతురి పుస్తకాలన్నీ వరసగా కనిపించాయి. అన్నీ అవే. గాలికి జుట్టు ఎగిరే పిల్లలే.

ఆ రోజు ఆయనకు కలిగిన సుఖం మాటల్లో చెప్పేది కాదు. ముఖచిత్రం లేదు. అట్ట అక్కర్లేదు. కిటికీ ముందు ఎవరు నిలబడినా బూడిదరంగు పలక వీపు తప్ప ఏమీ కనపడదు. మణికట్టు నొప్పి లేదు. అక్షరాలు చీమల్లా కాక శనగగింజలంత ఉన్నాయి. చదువుతున్న కాగితం పుస్తకాన్ని సగంలోనే ఆపి, అట్టతో సహా సొరుగులో పడేశాడు.

అంత సుఖం ఎన్నాళ్లో నిలవలేదు.

రాత్రి ఒకచోట ఆపుతాడు. పొద్దున కాటా గదిలో తెరిస్తే కథ ఇంకా ముందుకు జరిగి ఉంటుంది. నవలలో డాక్టరమ్మ రైలెక్కడం దగ్గర ఆపి పడుకుంటే, పొద్దున్నకి ఆమె ఏదో ఊళ్లో దిగి ఎవరి మీదో కోపంగా ఉంటుంది. ఎవరి మీదో ఆయనకు గుర్తులేదు. వేలు తగిలి పేజీలు తిరిగాయేమో అనుకున్నాడు. మర్నాడు పడుకునే ముందు పలకను అలమరలో పెట్టి తలుపు వేశాడు. పొద్దున్న కాటా గదిలో చూస్తే మళ్లీ ముందే. అంటే తను రాత్రి లేచి చదువుతున్నాడు. చదివి, చదివిన సంగతే మరచిపోతున్నాడు.

ఆయన అక్కకు మతిమరుపు అలాగే మొదలైంది. చదివిన పేపరే మళ్లీ చదివేది. తాళం చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతికేది. తమ్ముణ్ణి పుట్టినప్పటి నుంచీ "ఒరేయ్" అని తప్ప పిలవని మనిషి, ఒకనాడు ఆయన గుమ్మంలో నిలబడితే చీర కొంగు సర్దుకుని, "ఎవరండీ మీరు? ఎవరి కోసం వచ్చారు?" అని అడిగింది. ఆ 'అండీ'ని ఆయన ఇప్పటికీ మింగలేకపోతున్నాడు. తనూ ఒకరోజు కూతుర్ని అలా అడుగుతాడేమోనని భయం.

ఇంక దేన్ని చూసినా అదే అనుమానం. గొడుగు బస్సులో మరచిపోతే అదే. సెక్యూరిటీ అతణ్ణి వాళ్ల అన్న పేరుతో పిలిస్తే అదే. తూకం మనిషికి మతిమరుపు వస్తే జరిగేది చిన్న పొరపాటు కాదు. ఒక లారీ బరువు ఇంకో లారీ పేర పడితే, మోయలేని లోడుతో అది ఘాట్ రోడ్డు దిగుతుంది. మలుపులో బ్రేకు పట్టదు. అవతలి నుంచి ఎవరో వస్తూ ఉంటారు. అందుకే అరచేతిలో నంబర్లు. అందుకే ఈ సాయంత్రం మేనేజరు దగ్గరికి వెళ్లి, కాటాలో ఇంకెవరినైనా కూర్చోబెట్టమని చెప్పేయాలని నిశ్చయించుకుని, మాట్లాడాలని పొద్దున్నే కబురు పంపాడు. ఆయనకు ఈ గది తప్ప వేరే చోటు తెలియదు. ఆ మాట చెప్పాక రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో ఆలోచించడానికే భయంగా ఉంది.

పొద్దు కాస్త ఎక్కాక నిమ్మళం లారీ వచ్చింది. తొందరన్నది తెలియని డ్రైవరు గనక అతనికి ఆ పేరు పడింది. ఖాళీ లారీని కాటా మీద ఆపి, మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

"ఇవాళ్టితో ఆఖరు, వేదాంతీ. క్లచ్ తొక్కడం ఇంక నా మోకాలి వల్ల కాదు. సాయంత్రం లోడు తీసుకుని వెళ్లిపోతే మళ్లీ ఈ గేటు మొహం చూడను."

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?"

"అదే చెప్తున్నా. ఆ పుస్తకం నాకివ్వాలి నువ్వు."

"ఏ పుస్తకం?"

"ఎన్నున్నాయేంటి నీకు? ఒకటేగా. ఈమధ్య అది పట్టుకోవడం లేదుగా, ఈ పలకేదో వచ్చాక."

ఆయన సొరుగు వంక చూశాడు. "చూద్దాంలే," అని చీటీ ఇచ్చాడు. కొన్నేళ్ల కిందట ఈ నిమ్మళమే కిటికీ దగ్గరికొచ్చి, ఇంట్లో ఆవిడ మాట్లాడటం మానేసిందని చెప్పుకుని బాధపడ్డాడు. ఎప్పుడు చూసినా రోడ్డు మీదే ఉండే మొగుడితో మాట్లాడటానికి ఏముంటుందని ఆవిడ అలిగింది. అప్పుడాయన చేతిలో ఉన్న నవల పద్నాలుగో ప్రకరణంలో హీరో చేసిన పనే చెప్పాడు. "ఏమీ తీసుకెళ్లకు, ఏమీ చెప్పకు. ఆవిడ ఏ పని చేస్తుంటే పక్కన కూర్చుని ఆ పనే చెయ్యి." నిమ్మళం వెళ్లి భార్య పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెట్టాడట. చాలాసేపటికి ఆవిడ, "అలా కాదు మడతపెట్టేది," అన్నదట. అంతే, తర్వాత ఇప్పటివరకూ ఆపలేదని వాడే చెప్పి నవ్వాడు.

మధ్యాహ్నం లారీల రద్దీ తగ్గింది. ఆయన అన్నం డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, పలక తీశాడు. రాత్రి డాక్టరమ్మ గేటు తెరుస్తూండగా ఆపాడు. అది బాగా గుర్తు. గేటు కిర్రుమన్నది. అక్కడే ఆపాడు. పలక వెలగగానే చిన్న డబ్బా లేచింది. కుడివైపు నొక్కాడు. పేజీ తెరుచుకుంది.

పెళ్లి ఆగిపోయింది. పందిరి విప్పేస్తున్నారు.

ఎవరి పెళ్లి? ఎందుకాగింది? వాకిట్లో ఎవరైనా ఉన్నారేమోనని చూసి, పలకను బోర్లించి, ఫోను తీశాడు. మేనేజరుకు చెప్పే ముందు కూతురికి చెప్పడం న్యాయం.

"అమ్మడూ, నీకో మాట చెప్పాలి. కంగారు పడకు."

"నేనూ నీకో మాట చెప్పాలి నాన్నా. ఇంక నావల్ల కాదు, ముందు నాది విను. డాక్టరమ్మ పెళ్లెందుకు చెడిందో నీకు అర్థమైందా? నాకైతే ఆ బావ మీదే అనుమానం."

ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఏ డాక్టరమ్మ?" అన్నాడు.

"చాల్లే, నటించకు. నేను నీకిచ్చింది నా పాతదే కదా, అందులో ఖాతా కూడా నాదే. నువ్వు ఏది తెరిచినా నా దాంట్లో తెలుస్తుంది. నీ వేదాంతం మొదటి పేజీ దాటలేదు. డాక్టరమ్మేమో రోజూ పరిగెడుతోంది. ఎన్నాళ్లు నవ్వాపుకోవాలి చెప్పు?"

లాక్కున్న నవల, కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్ల, చెత్త అన్న మాట, అన్నీ ఒక్కసారే వచ్చి కిటికీ ముందు నిలబడ్డాయి. ఆమె ఇంకా చెప్పుకుపోతోంది.

"ఇంతకీ నువ్వు ఎక్కడున్నావు? నేను రాత్రి పిల్లలు పడుకున్నాక పందిరి విప్పేదాకా చదివాను. పొద్దున నీ దాన్ని తెరవగానే అడుగుతుంది చూడు, ఇంకోచోట ఇంకా ముందు దాకా చదివారు, అక్కడికి వెళ్లాలా అని. వద్దు అని నొక్కుతున్నావు కదా?"

"చిన్న డబ్బా లేస్తుంది," అన్నాడాయన మెల్లగా.

"అదే."

"నేను కుడివైపు నొక్కుతాను."

"కుడివైపుది వెళ్లాలి అని కదా నాన్నా. ఎడమవైపు నొక్కాలి. చదవకుండానే నొక్కుతున్నావా?"

"అంటే, అమ్మడూ, ఆగు. ఆ పేజీలు చదివింది నువ్వు."

"నేనే."

"నేను చదివి మరచిపోలేదు."

"నువ్వు చదవనిది నువ్వెలా మరచిపోతావు?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టైంది. కళ్లద్దాలు తీశాడు, కానీ తుడవాల్సింది అద్దాలు కాదు.

"నాన్నా, ఏడుస్తున్నావా? ప్రేమ నవల చదివినందుకు నేనేమీ అనను. ఊరికే ఆటపట్టించాను."

అప్పుడాయన నవ్వాడు. ఏడుస్తూనే నవ్వాడు. తర్వాత మొత్తం చెప్పాడు. అలమరలో పలక పెట్టడం, అరచేతిలో నంబర్లు, అక్క, ఈ సాయంత్రం మేనేజరుకు చెప్పాలనుకున్న మాట.

"పిచ్చి నాన్నా. ఇదంతా నీలో నువ్వే దాచుకున్నావా?" అన్నది కూతురు. మామూలు గొంతు తెచ్చుకుని, "టెన్త్‌లో నా నవల ఒకటి లాక్కున్నావు. గుర్తుందా?" అని అడిగింది.

"గుర్తుంది."

ఆ మాట అనడంలో ఇంత సుఖముంటుందని ఆయనకు తెలియదు. ఇంకోసారి అన్నాడు. "బాగా గుర్తుంది."

"దాని చివర్లో ఏమవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడా దొరకలేదు."

"నువ్వెక్కడి దాకా వచ్చావు?"

"ఆ పిల్ల కుట్టుమిషను అమ్మేయడం దగ్గర."

ఆయన గొంతు సవరించుకున్నాడు. మిషను కొన్నవాడెవరో చెప్పాడు. వాడు దాన్ని ఎవరికీ తెలియకుండా ఆ పిల్ల మేనత్త ఇంట్లో దాచడం, మేనత్త ముక్కుపొడుం అలవాటు, తుమ్ముతో బయటపడిన రహస్యం, చివరికి ఆ పిల్ల మిషను ముందు కూర్చుని వాడి చొక్కాకే బొత్తాం కుట్టడం, ఆ బొత్తాం నీలంరంగుది కావడం, అన్నీ వరసగా చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. చెబుతున్నకొద్దీ ఇంకా ఇంకా గుర్తొచ్చాయి. బయట రెండు లారీలు ఆగి హారన్లు కొడుతున్నా, "ఉండండయ్యా," అని కిటికీలోంచి చెయ్యి చూపించాడు తప్ప ఆపలేదు. చేసిన తప్పుకు క్షమించమని ఆయన అడగలేదు. కథ పూర్తయ్యాక కూతురు, "నీలం బొత్తామా," అని మురిసిపోయింది. దాంతో ఆ లెక్క తీరిపోయింది.

ఫోను పెట్టేసి, కూజాలో నీళ్లు వంచుకుని అరచెయ్యి కడుక్కున్నాడు. సిరా పోయింది. ఆ మధ్యాహ్నం లారీలు ఎంత చకచకా కదిలాయంటే, పొద్దున హారన్ కొట్టినవాడే వచ్చి, "ధ్యానం ఫలించినట్టుందే," అన్నాడు. ప్రతి తూకానికీ చిన్న డబ్బా లేచింది. ఆయన ప్రతిసారీ ఆగి, అందులో ఏం రాసుందో చదివి, అప్పుడే కుడివైపు నొక్కాడు. మేనేజరు అటుగా వెళుతూ, "ఏదో మాట్లాడాలన్నావట?" అని అడిగాడు.

"ఫ్యాను మూలుగుతోందండి. చూపిస్తారేమోనని," అన్నాడు.

ఎండ వాలాక నిమ్మళం లోడుతో వచ్చాడు. తూకం సరిగ్గా ఉంది. చీటీ తీసుకుని కూడా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. చెయ్యి చాపాడు.

ఆయన సొరుగు లాగి పుస్తకం తీశాడు. నిన్నటిదాకా అయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. ఇవాళ అంత పెద్ద భయం పోయాక, ఈ చిన్న సిగ్గును పట్టుకు వేలాడటం దండగ అనిపించింది.

"చూడు, ఇందులో వేదాంతం లేదు."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"ఒకసారి నువ్వు లోపలికెళ్లినప్పుడు తెరిచాను. ఓ పిల్ల వానలో నిలబడి ఉంది. అంతలో నువ్వొచ్చావు. తర్వాతేమైందని అడుగుదామంటే నీ పరువుకు మాటొస్తుందని ఊరుకున్నాను. పాపం, ఇన్నేళ్లూ ఆ పిల్ల తడుస్తూనే ఉంది."

ఆయన నోరు వెళ్లబెట్టాడు. "అది ఈ పుస్తకం కాదు."

"మరి ఏది?"

"ఏమో. అన్నింట్లోనూ వానలో నిలబడతారయ్యా."

"అయితే ఏదైనా ఒకటే. నా చేత బట్టలు మడతపెట్టించింది ఇందులోవాడేనా?"

"వాడి తమ్ముడులాంటివాడు."

"చాలు. మా ఆవిడకి చదివి వినిపిస్తా. వింటూ మధ్యలో మాట్లాడుతుంది, అది నీకు తెలిసిందే."

పుస్తకం అందుకుని, నిమ్మళం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొదటి మడతలోంచి ముఖచిత్రాన్ని బయటికి లాగాడు, తర్వాత రెండో మడతలోంచి వెనక వైపును. గాలికి జుట్టు ఎగురుతున్న పిల్ల సాయంత్రం వెలుతురులోకి వచ్చింది. నిమ్మళం ఆమెను కాసేపు చూసి తల పంకించాడు.

"ఇది నాకెందుకు, నువ్వే ఉంచుకో," అని అట్టను కిటికీ గడప మీద పెట్టాడు.

తర్వాత మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు. పుస్తకాన్ని అద్దం ముందు, బొమ్మ అందరికీ కనపడేలా నిలబెట్టాడు. లారీ కాటా దిగింది. తెర మీద అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నాకొచ్చి ఆగాయి. గేటు దాటి, ఎప్పటిలాగే ఎవరికీ తొందర లేనట్టు మలుపు తిరిగి, నిమ్మళం వెళ్లిపోయాడు. దుమ్ము అణిగేదాకా ఆయన చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పలకను చేతిసంచిలో పెట్టుకుని, ఫ్యాను ఆపి, తలుపు మూసి ఇంటికి బయల్దేరాడు.

కిటికీ గడప మీద సిమెంటు సంచి అట్ట, ఏళ్ల తరబడి పడ్డ మడతలతో, లోపలేమీ లేకపోయినా ఇంకా ఒక పుస్తకం మందాన నిలబడి ఉంది.